యారాలు పెట్టిన అన్నం వల్లే ఈ పేగు జబ్బు వచ్చిందా?

నల్లగొండ జిల్లాలో దేవరకొండకు దగ్గరి ఒక ఊరి నుంచి ముప్పై ఏళ్ళ మహిళ రాసిన పొడవైన ఉత్తరం ఇది. పేరు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి ఊరి పేరు కూడా రాయడం లేదు. ఆమె ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెబుతారు. భర్తకు కొంత పత్తి చేను, కొంత బత్తాయి తోట ఉన్నాయి. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు అయిన మూడు నాలుగు నెలలకు, సంక్రాంతి రోజుల్లో, విరేచనంలో రక్తం కనిపించింది. కాన్పు తర్వాత మొలలు రావడం మామూలేనని ఇంట్లో అందరూ అన్నారు, ఆమె కూడా అలాగే అనుకున్నారు. ఎండాకాలంలో అప్పుడప్పుడు బంకతో విరేచనాలు అయ్యాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు ఇచ్చిన గోలీలతో తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చాయి. శ్రావణంలో బోనాల పండుగనాడు యారాలి ఇంట్లో అందరితో కలిసి అన్నం తిన్నారు. ఆ రాత్రి ఆమెకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఇంట్లో మరో ఇద్దరు పిల్లలకు కూడా అయ్యాయి కానీ వాళ్ళు రెండు రోజుల్లో తేరుకున్నారు. ఈమెకు మాత్రం రోజుకు పదిసార్లు రక్తంతో విరేచనాలు, పాఠం మధ్యలో లేచి పరుగెత్తవలసి రావడం, మనిషి సగమైపోవడం. చివరికి హైదరాబాద్‌లో కొలనోస్కోపీ చేసి, ముక్క తీసి పరీక్షకు పంపి, పెద్దపేగు ఎడమ భాగంలో అల్సరేటివ్ కొలైటిస్, అంటే పేగు లోపొర వాచి పుండ్లు పడే జబ్బు, ఉందని తేల్చారు. మెసలమిన్ గోలీలు, కొన్నాళ్ళు స్టెరాయిడ్ వాడితే బాగా తగ్గింది.

ఇంట్లో మాత్రం గొడవ తగ్గలేదు. యారాలు అన్నంలో మందు పెట్టిందని అత్తమ్మ నమ్మకం. కోడలి కోసం చెర్వుగట్టుకు వెళ్ళి మొక్కుకున్నారు, అమావాస్యనాడు గుట్ట మీద నిద్ర చేయించారు. ఆ తర్వాత ఎవరో చెబితే మందు కక్కించే మనిషి దగ్గరకు తీసుకెళ్ళారు. అతను పసరు తాగించి, ఇంగ్లీషు మందులు ఆపితేనే ఇది పనిచేస్తుందని చెప్పాడు. గోలీలన్నీ ఒక్కసారే ఆపేశారు. కొద్ది రోజులకే రక్తం మళ్ళీ మొదలై ఆస్పత్రిలో చేరవలసి వచ్చింది. ఇదంతా బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్లే అని భర్త అంటారు. డిగ్రీ చదివినప్పటి హాస్టల్ తిండి, రెండో కాన్పునాటి దిగులు కారణమని కన్నతల్లి అంటారు. అన్నదమ్ముల మధ్య మాటలు లేవు. మహబూబ్‌నగర్ వైపు నుంచి చెల్లెలికి ఒక సంబంధం వచ్చింది. మీ ఇంట్లో వంశపారంపర్యంగా వచ్చే జబ్బులేమైనా ఉన్నాయా అని వాళ్ళు అడిగారు. ఆమె ఉత్తరం ఇలా ముగిసింది: “నాకే ఎందుకు వచ్చింది? కారణం ఒక్కటి తేలితే మా ఇంట్ల లొల్లి ఆగుతది. నా పిల్లలకు వస్తదా? చెల్లె పెండ్లివాళ్ళకు చెప్పాల్నా? యారాలితోటి మళ్ళ ఎట్ల మాట్లాడాలె?”

అమ్మా,

మీ ఉత్తరంలో నేను మొదట ఆగింది తేదీల దగ్గర. రక్తం కనిపించింది సంక్రాంతికి. బంక విరేచనాలు మొదలైంది ఎండాకాలంలో. యారాలి ఇంట్లో మీరు తిన్నది శ్రావణంలో. అంటే ఆ భోజనానికి ఆరేడు నెలల ముందే ఈ జబ్బు మీ పేగులో ఉండి ఉండాలి. ఈ సంగతులన్నీ రాసింది మీరే, కానీ మీ ఇంట్లో ఎవరూ వాటిని పక్కపక్కన పెట్టి చూసినట్టు లేదు. అల్సరేటివ్ కొలైటిస్ చాలామందిలో ఇలాగే మొదలవుతుంది: మొదట మలద్వారానికి దగ్గరి చివరి భాగంలో కొద్దిపాటి వాపు, అప్పుడప్పుడు రక్తం, మొలలని సరిపెట్టుకోవడం, జిగురు పడితే అమీబా అనుకొని గోలీలు మింగడం. అది అక్కడి నుంచి పైకి, మధ్యలో ఖాళీ వదలకుండా పాకుతుంది. మీకు ఎడమ భాగం దాకా పాకిన తర్వాతనే కొలనోస్కోపీ జరిగింది.

మరి ఆ రాత్రి వాంతుల మాటేమిటి? మరో ఇద్దరు పిల్లలకు కూడా అయ్యాయని రాశారు కాబట్టి అది పాడైన తిండి వల్లనో నీళ్ళ వల్లనో వచ్చిన అంటు అయి ఉండే అవకాశమే ఎక్కువ. పండుగనాడు పొద్దున వండిన కూర రాత్రి దాకా ఉంటే అలా జరగడానికి ఎవరి దురుద్దేశమూ అక్కరలేదు. అటువంటి అంటు అప్పటికే వాచి ఉన్న పేగును ఒక్కసారిగా రేపగలదు. కాబట్టి ఆ భోజనానికీ మీ బాధ ముదరడానికీ సంబంధం ఉండవచ్చు. జబ్బు పుట్టడానికి మాత్రం లేదు. ఆ పిల్లలు రెండు రోజుల్లో లేచి ఆడుకుంటుంటే మీరు మాత్రం ఎందుకు లేవలేకపోయారన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు పేగు లోపల ఏం జరుగుతుందో తెలిస్తేనే దొరుకుతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మన పెద్దపేగులో లెక్కకు అందనన్ని సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం మనకు మేలు చేసేవే. మనం అరిగించుకోలేని పీచును అవి పులియబెట్టి బ్యూటిరేట్ వంటి ఆమ్లాలుగా మారుస్తాయి. పెద్దపేగు లోపొర కణాలకు ముఖ్యమైన ఆహారం ఆ బ్యూటిరేటే. అంతటి సూక్ష్మజీవుల గుంపుకూ మన శరీరానికీ మధ్య ఉన్న అడ్డు ఎంత పలుచనో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది: ఒకే ఒక్క వరుస కణాలు, వాటి మీద అవే తయారుచేసుకునే జిగురు పొర. ఆ వరుస కిందనే రోగనిరోధక కణాలు పెద్దసంఖ్యలో ఉంటాయి. వాటికి ఒకేసారి రెండు పనులు తెలిసి ఉండాలి. హాని చేసే క్రిమి లోపలికి వస్తే వెంటనే ఎదుర్కోవాలి. రోజూ ఉండే సూక్ష్మజీవుల జోలికి, తిన్న అన్నం జోలికి పోకుండా ఊరుకోవాలి. మనలో చాలామందికి ఈ రెండూ పుట్టిన కొన్నేళ్ళలోనే కుదిరిపోతాయి.

మీ జబ్బులో ఆ పొందిక చెడింది. జిగురు పొర పలుచబడుతుంది, దాన్ని తయారుచేసే కణాలు తగ్గుతాయి, సూక్ష్మజీవులు లోపొరకు మరీ దగ్గరగా వస్తాయి. కింద ఉన్న రోగనిరోధక కణాలు దాన్ని దాడిగా భావించి టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్‌లు అనే రసాయన సంకేతాలను వదులుతాయి. ఆ సంకేతాలు అందుకొని రక్తంలోని తెల్లకణాలు పేగు గోడలోకి దిగుతాయి. అవి క్రిముల మీద ప్రయోగించవలసిన రసాయనాలు పక్కనున్న మన కణాలను కూడా కాలుస్తాయి. లోపొర ఊడి పుండ్లు పడతాయి. పుండు పడితే అడ్డు ఇంకా బలహీనపడుతుంది, ఇంకొన్ని సూక్ష్మజీవులు లోపలికి వస్తాయి, ఇంకొన్ని తెల్లకణాలు దిగుతాయి. ఆ ఇద్దరు పిల్లల పేగులో కూడా ఆ రాత్రి వాపు వచ్చే ఉంటుంది. కానీ క్రిమి పోగానే “ఇక చాలు” అనే సంకేతాలు పనిచేసి వాపు దిగిపోయింది. మీలో ఆ ఆగమనే సంకేతం సరిగా పనిచేయదు. క్రిమి పోయినా వాపు తనంతట తాను సాగుతూ ఉంటుంది. వాచిన పెద్దపేగు నీటిని పీల్చుకోలేదు కాబట్టి విరేచనం పలుచన. చివరి భాగం వాచి సాగే గుణం కోల్పోతుంది కాబట్టి కొద్దిగా చేరినా ఆపుకోలేరు. బడిలో పాఠం మధ్యలో పరుగెత్తినందుకు మీరు ఉత్తరంలో రెండుచోట్ల సిగ్గుపడ్డారు. అది మీ అదుపులో ఉన్న సంగతి కాదు, దయచేసి ఆ సిగ్గును వదిలిపెట్టండి.

ఇక పొందిక ఎందుకు చెడుతుంది? 1859లో లండన్ వైద్యుడు శామ్యూల్ విల్క్స్ ఈ జబ్బును వర్ణించినప్పటి నుంచీ కారణం కోసం వెతుకులాట సాగుతూనే ఉంది. ఏదో ఒక క్రిమి దొరుకుతుందని చాలాకాలం చూశారు, దొరకలేదు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో దీన్ని మనసు నుంచి పుట్టే జబ్బుల జాబితాలో చేర్చి రోగుల స్వభావాన్నీ వాళ్ళ తల్లుల పెంపకాన్నీ తప్పుపట్టిన వైద్యులు ఉన్నారు. 1955లో ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు వైద్యులు కార్టిజోన్ ఇచ్చిన రోగులు ఇవ్వనివారి కన్నా ఎక్కువగా కోలుకున్నారని చూపించారు. వాపును అణిచే మందుతో రోగి నిలబడుతున్నాడంటే చూడవలసింది వాపు వైపే అన్న ఆలోచన ఆ తర్వాత గట్టిపడింది. అంటే డాక్టర్లు కూడా ఒకప్పుడు ఎవరో ఒకరి మీద తప్పు మోపినవాళ్ళే. మీ ఇంటివాళ్ళను అందుకని నేను తప్పుపట్టలేను.

ఇప్పుడు తెలిసినంతలో, ఇందులో కనీసం నాలుగు పాయలు కలవాలి: పుట్టుకతో వచ్చిన జన్యువులు, పేగులోని సూక్ష్మజీవుల కూర్పు, రోగనిరోధక వ్యవస్థ తీరు, మనం బతికే పరిసరాలు. జన్యువుల్లో ఈ రకం పేగు జబ్బులతో సంబంధం ఉన్న చోట్లు 200కు పైగా గుర్తించారు. ఒక్కొక్కదాని ప్రభావం స్వల్పమే. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నా ఎక్కువ జంటల్లో రెండోవారికి రాదు. జన్యువులన్నీ ఒకటే అయినా అంతే. పరిసరాల బలం వలస వెళ్ళినవారిలో కనిపిస్తుంది. మన వైపు దేశాల నుంచి బ్రిటన్ వెళ్ళిన కుటుంబాల్లో, అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు ఈ జబ్బులు ఎక్కువగా వచ్చాయి. ఒకప్పుడు మన దేశంలో అరుదనుకున్న ఈ జబ్బు ఇప్పుడు పల్లెల నుంచి వచ్చేవారిలో కూడా కనిపిస్తోంది. చిన్నతనంలో తరచుగా వాడిన యాంటీబయాటిక్స్, పీచు తగ్గి ప్యాకెట్ తిండి పెరగడం, పేగును తాకిన పాత అంటువ్యాధులు, వీటన్నింటికీ ఇందులో కొంత కొంత భాగం ఉన్నట్టు ఆధారాలున్నాయి. ఏ ఒక్కటీ ఒంటరిగా ఈ జబ్బును తేలేదు.

మీవారికి చెప్పడానికి ఒక మాట. బత్తాయి తోటలో ఒక చెట్టు ఎండితే ఆయన ఒక్క కారణంతో సరిపెట్టుకోరు. అంటు కట్టిన వేరుమొక్క ఎలాంటిది, నేల నీరు దిగేదేనా, ఆ ఏడు వాన ఎక్కువైందా, వేరుకు బూజు తగిలిందా అని అన్నీ చూస్తారు. అదే నీరు, అదే ఎరువు అందిన పక్క చెట్టు పచ్చగానే ఉంటుంది. మీ పేగు విషయం కూడా అంతేనని ఆయనకు ఆ తోటలోనే చెప్పవచ్చు.

ఫ్లోరైడ్ గురించి ఆయన అనుమానం సహజమే, ఆ నీళ్ళ వల్ల కాళ్ళు వంగినవారిని చూస్తూ పెరిగిన ప్రాంతం కదా. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోతే పళ్ళు గారపట్టి ఎముకలు, కీళ్ళు దెబ్బతింటాయి. దానివల్ల అల్సరేటివ్ కొలైటిస్ వస్తుందనడానికి మాత్రం నమ్మదగిన ఆధారం లేదు; ఉన్నట్టయితే అదే బోరు నీళ్ళు తాగిన మీ వాడంతా ఈ జబ్బుతో ఉండాలి. తాగడానికి నల్లా నీళ్ళనే వాడుకోండి, అది పిల్లల ఎముకలకు మంచిది. హాస్టల్ కారం గురించి మీ అమ్మగారి భయం కూడా అంతే. కారం, పచ్చళ్ళు పుండు ఉన్నప్పుడు మంట పెడతాయి, జబ్బును పుట్టించవు. దిగులు జబ్బును పుట్టించదు కానీ లోపల ఉన్నదాన్ని రేపగలదు. అందువల్ల ఇంట్లో గొడవ ఆగడం మీ వైద్యంలో భాగమే అనుకోండి.

ఇవన్నీ పక్కనపెట్టి ఒక సంగతి మీతో గట్టిగా చెప్పాలి. “మోకాళ్ళు నొస్తుంటే మెడికల్ షాపుల గోలీ తెచ్చుకొని ఏసుకుంటున్న” అని ఒక్క వాక్యంలో రాసి దాటిపోయారు. గోలీ పేరు రాయలేదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ రకం అయితే అది మీకు హాని చేస్తూ ఉండవచ్చు. నొప్పి తగ్గించడానికి అవి ఆపే పదార్థాలలో పేగు లోపొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లు కూడా ఉన్నాయి. అవి తగ్గితే అడ్డు పలుచబడుతుంది, పైన చెప్పిన చక్రం మళ్ళీ తిరగడం మొదలవుతుంది. గోలీల కాగితం దాచుకొని డాక్టరుకు చూపండి, అంతవరకు ఆపండి. నొప్పి తట్టుకోలేకపోతే పారాసిటమాల్ సాధారణంగా మీలాంటివారికి సురక్షితం. అంతకన్నా ముఖ్యం, ఆ నొప్పి ఎక్కడిదో తెలుసుకోవడం. ఫ్లోరైడ్ నొప్పి అనుకుంటున్నారు, కావచ్చు. కానీ అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవారిలో మోకాళ్ళు, చీలమండలు పేగుతో పాటే వాచి, పేగు తగ్గితే తగ్గిపోవడం ఉంది. నడుము పొద్దున పూట బిగుసుకొని కదిలితే తేలికపడే రకం కూడా ఉంది. కళ్ళు ఎర్రబడి నొప్పి పుట్టడం, కాళ్ళ మీద ఎర్రటి గడ్డలు లేవడం కూడా ఈ జబ్బు చుట్టాలే. ఇవేవైనా ఉన్నాయేమో చూసుకోండి. మోకాళ్ళ నొప్పి పేగు నుంచి వస్తుంటే, ఆ నొప్పికి వేసుకున్న గోలీ పేగునే రేపుతోందన్నమాట. మీ జబ్బు మళ్ళీ మళ్ళీ తిరగబెట్టడానికి కారణం వెతకాలంటే యారాలి వంటింటి కన్నా ముందు ఇక్కడ వెతకాలని నా అభిప్రాయం.

మందు పెట్టడం గురించి అత్తమ్మతో వాదించకండి. ఆమెకు చెప్పదగిన విషయం ఒకటి ఉంది. మనం తిన్నది ఏదైనా కొన్ని గంటల్లో కడుపు దాటి, రెండు మూడు రోజుల్లో బయటికి పోతుంది. పేగు లోపొర కణాలు కూడా మూడు నుంచి అయిదు రోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. కాబట్టి ఎప్పుడో తిన్న ముద్ద ఇప్పటిదాకా కడుపులో అంటుకొని ఉండటానికి అక్కడ చోటే లేదు. ఇంకొకటి, ఈ జబ్బు స్వభావమే రేగడం, అణగడం. బాధ పతాకస్థాయిలో ఉన్నప్పుడు ఎక్కడికి వెళ్ళినా ఆ తర్వాత కొంత తగ్గుతుంది, అప్పటికి లోపల ఉన్న స్టెరాయిడ్ ప్రభావం కూడా కొన్నాళ్ళు నిలుస్తుంది. పసరు తాగి తగ్గిందని చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు, తగ్గడానికి కారణాన్ని పొరబడుతున్నారు. చెర్వుగట్టు మొక్కు తీర్చుకోవడంలో మీకు ఏ నష్టమూ లేదు, కోడలి కోసం ఆమె గుట్ట ఎక్కిన ప్రేమ చిన్నది కాదు. నష్టం పసరులో ఉంది, అందులో ఏం కలిపారో ఎవరికీ తెలియదు. వాంతులతో ఒంట్లో ఉప్పులు పడిపోతాయి. అన్నింటికన్నా పెద్ద నష్టం మందులు ఆపడం. వారాల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారే ఆపితే, అప్పటిదాకా దాన్ని తయారుచేయడం మానుకున్న అడ్రినల్ గ్రంథులు వెంటనే అందుకోలేవు. బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

మెసలమిన్ బాగున్న రోజుల్లో కూడా వేసుకోవలసిన మందు. మళ్ళీ రేగకుండా ఆపడమే దాని పని. ఏళ్ళ తరబడి వాపు ఉంటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది కాబట్టి ఆ వాపును అణచి ఉంచడం మరింత అవసరం. స్టెరాయిడ్ మంటను ఆర్పడానికే, ఏళ్ళ తరబడి వాడటానికి కాదు. మీకు జబ్బు ఎడమ భాగానికే పరిమితం కాబట్టి మలద్వారం నుంచి పెట్టుకునే మెసలమిన్ ఎనిమా గోలీలకు తోడైతే ఎక్కువ ఫలితం ఇస్తుంది. చాలామంది మొహమాటంతో దాన్ని వదిలేస్తారు. వీటితో నిలవకపోతే రోగనిరోధక కణాల జోరు తగ్గించే అజాతియోప్రిన్ అనే గోలీ ఉంది, దానికి తెల్లకణాల లెక్క తరచుగా చూడాలి. ఆ తర్వాత టీఎన్‌ఎఫ్‌ను నేరుగా అడ్డుకునే సూదిమందులు ఉన్నాయి, ఖర్చు ఎక్కువ. దాగి ఉన్న టీబీని అవి లేపగలవు కాబట్టి ముందు టీబీ, హెపటైటిస్ బి పరీక్షలు తప్పనిసరి. ప్రతిసారీ రక్తం కనిపించగానే జబ్బు రేగిందనుకోవద్దు. మలపరీక్షలో అంటు లేదని తేల్చుకోవాలి. కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష పేగులో వాపు ఎంత ఉందో కొలనోస్కోపీ లేకుండానే చాలావరకు చెబుతుంది.

పిల్లల సంగతి. తల్లికి ఈ జబ్బు ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం మిగతావారి కన్నా ఎక్కువే, కానీ నూటికి తొంభై అయిదు మందికి పైగా పిల్లలకు రాదు. వాళ్ళకు ఇప్పుడు ఏ పరీక్షా చేయించనక్కరలేదు. ప్రతి జలుబుకూ యాంటీబయాటిక్ పోయించకండి, ఇంట్లో వండిన జొన్నరొట్టె, పప్పు, కూరలు పెట్టండి, ఎదుగుదల చూస్తూ ఉండండి. విరేచనంలో రక్తం పడితే మాత్రం మొలలని సరిపెట్టుకోకండి.

మీ చెల్లెలికి కూడా ఇదే లెక్క: ముప్పు కొంత ఎక్కువ, రాకపోవడమే చాలా ఎక్కువ. ఆమెకు జబ్బు లేదు, కాబట్టి ఆమె విషయంలో దాచడానికి ఏమీ లేదు. జబ్బు మీది, దాన్ని ఎవరికి చెప్పాలో నిర్ణయించే హక్కు మొదట మీది. కానీ పెళ్ళి ఆమెది, ఆమెతో మాట్లాడకుండా మీరూ మీ నాన్నగారూ తేల్చేయడం సరికాదు. చెప్పకుండా ఉండవచ్చు. అప్పుడు సంబంధం ఇప్పటికి సాఫీగా సాగుతుంది. అయితే మీ ఇంట్లో మందు పెట్టారన్న కథ ఊళ్ళు దాటి వాళ్ళ చెవిన పడితే, అడిగినా దాచారన్న నింద మీ చెల్లెలు మోయవలసి ఉంటుంది. పెద్దల ద్వారా చెప్పించవచ్చు. “అక్కకు పేగువాపు జబ్బు ఉంది, మందులతో అదుపులో ఉంది, తల్లిదండ్రుల నుంచి నేరుగా దిగివచ్చే జబ్బు కాదు, అంటుకోదు” అంటే చాలు. భయపడి వెనక్కి పోయేవారు ఉంటారు, ఆ నష్టం నిజమైనదే. మూడో దారి, మీ చెల్లెలే ఆ అబ్బాయితో ఒకసారి మాట్లాడటం. వాళ్ళు నోరు తెరిచి అడిగిన ప్రశ్న కాబట్టి నాకు చెప్పడం వైపే మొగ్గు ఉంది, కానీ ఆ ఫలితంతో బతకవలసింది ఆమె. ఆమె మాటకే విలువ ఇవ్వండి.

ఇక యారాలు. ఈ జబ్బు ఎక్కువగా పదిహేను, ముప్పై అయిదేళ్ళ మధ్య బయటపడుతుంది. ఆడపిల్ల కొత్త ఇంట్లో అడుగుపెట్టే వయసూ, కాన్పులయ్యే వయసూ అదే. అందుకే మన దగ్గర ఈ జబ్బు వచ్చిన ప్రతి కోడలి చుట్టూ ఎవరో ఒక ఆడమనిషి నిందపడి ఉంటుంది. నాకు దీని మీద బాధ ఉంది. ఇన్నాళ్ళుగా ఆమె కూడా చేయని పనికి ఊరి కళ్ళ ముందు తిరుగుతోంది. మీరు నేరుగా ఆమె ఇంటికి వెళ్ళి, మీ చేతి అన్నం వల్ల కాదని నాకు తెలుసని చెప్పవచ్చు. అత్తమ్మకు అది తనను కాదన్నట్టు తోచి ఇంట్లో కొన్నాళ్ళు కష్టం కావచ్చు. మీవారు ముందు తన అన్నతో మాట్లాడి దారి తెరవవచ్చు. ఆలస్యమైనా మీ మీద భారం తక్కువ. పెద్దమనుషుల్లో పెట్టడం మాత్రం వద్దనుకుంటాను, అక్కడ నిందకు సాక్ష్యాలు అడుగుతారు, మాట ఇంకా పెరుగుతుంది. ఏ దారి పట్టినా సంక్రాంతి, ఎండాకాలం, శ్రావణం అనే ఆ వరుసను ఒక కాగితం మీద రాసుకొని మీవారికి ముందు చూపించండి.

ఈసారి డాక్టరు దగ్గరకు అత్తమ్మను కూడా తీసుకెళ్ళండి. పాత కొలనోస్కోపీ రిపోర్టు, ముక్క పరీక్ష కాగితం, మోకాళ్ళకు వాడిన గోలీల అట్ట సంచిలో ఉండాలి. అన్నంలో ఏదైనా పెడితే ఇలా అవుతుందా అని ఆమెనే డాక్టరును అడగనివ్వండి, మీరు మధ్యలో మాట్లాడకండి. ఈలోగా రోజుకు ఆరుసార్లు గాని అంతకు మించి గాని రక్తంతో విరేచనాలు, దానితో జ్వరం గాని, గుండెదడ గాని, పొట్ట ఉబ్బి గట్టిపడటం గాని ఉంటే అపాయింట్‌మెంటు రోజు దాకా ఆగకుండా ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళండి. వాపు మరీ ముదిరితే పెద్దపేగు ఉబ్బి చిల్లు పడే ప్రమాదం ఉంది, దానికి గంటలే లెక్క.